అధ్యక్షురాలి రెండు పేర్లు

"రాజీనామా చెయ్యాల్సింది నువ్వే అక్కా. దాన్ని ఆమోదించాల్సింది కూడా నువ్వే," అన్నాడు గౌస్ బాషా.

లిడియా నవ్వలేదు. మామూలు రోజైతే ఈ మాటకు పడీపడీ నవ్వేది. మిరప చేలో వరస పట్టిన ఆడవాళ్లందరికీ చెప్పి వాళ్లనూ నవ్వించేది. ఇవాళ ఆమె కోతకు వెళ్లలేదు. కోతలు మొదలయ్యాక ముఠా మేస్త్రి ఇంట్లో కూర్చోవడం ఈ ఏడాది ఇదే మొదటిసారి.

బల్ల మీద ఢిల్లీ నుంచి వచ్చిన ఉత్తరం ఉంది. దాని పక్కన బాషా పెదకాకానిలో తన జిరాక్సు షాపులో టైపు చేసి తెచ్చిన కాగితాలు రెండు. గోడ వారగా కుర్చీ వేసుకుని ఆమె మొగుడు జక్రయ్య కూర్చున్నాడు. ఉత్తరం వచ్చిన శనివారం నుంచి ఈ మంగళవారం దాకా ఆయన భార్యతో మాట్లాడింది రెండే మాటలు. ఒకటి "అన్నం పెట్టు". రెండోది "వద్దులే".

బాషా మళ్లీ మొదటినుంచి చెప్పుకొచ్చాడు. కళ్లం కూలీల పార్టీకి అతను కార్యదర్శి. దరఖాస్తు రాసిందీ, నోటరీని మంగళగిరి నుంచి పిలిపించిందీ, నాలుగు పేపర్లలో ప్రకటన వేయించిందీ అతనే. ఇప్పుడు తల పట్టుకోవాల్సిందీ అతనే.

పార్టీని రిజిస్టరు చెయ్యాలంటే ఓటు హక్కున్న వంద మంది సభ్యులు ప్రమాణపత్రాలు ఇవ్వాలి. వీళ్లు నూట నాలుగు పంపారు. ఎన్నికల కమిషన్ వాళ్లు ఒక్కొక్కటీ ఓటరు జాబితాతో సరిచూసుకున్నారు. నలభై మూడింటిలో ప్రమాణం చేసిన మనిషి పేరు ఒకటి, జాబితాలో ఆ నంబరు ఎదుట ఉన్న పేరు వేరొకటి. ఆ నలభై మూడింటిలో మొదటిది పార్టీ అధ్యక్షురాలిది. ప్రమాణపత్రంలో లిడియా, జాబితాలో సుబ్బరావమ్మ. నెల రోజుల్లో సంజాయిషీ పంపకపోతే దరఖాస్తు మూసేస్తామని ఉత్తరంలో మర్యాదగానే రాశారు.

మామూలుగా ఈ పొరపాటు ఎవరైనా చేస్తారా అంటే, చెయ్యరు. ఈ పల్లెలో ప్రతి మనిషికీ రెండు పేర్లు. బడిలో, రేషను కార్డులో, ఓటరు కార్డులో ఒకటి. ఇంట్లో, వీధిలో, చర్చి గుడిలో ఇంకొకటి. మొదటిదాన్ని గవర్నమెంటు పేరంటారు. ఏ పేరు ఎక్కడ చెప్పాలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు, ఎవరూ ఎన్నడూ తడబడలేదు. కాకపోతే ఆ రోజు బల్ల వేసుకు కూర్చున్న నోటరీ, ఇది దేవుడి సాక్షిగా చేసే ప్రమాణం అన్నాడు. వరసలో ముందు నిలబడ్డ సంతోషకుమారి ముసలమ్మ ఏ దేవుడు బాబూ అని అడిగింది. మీ దేవుడేనమ్మా అన్నాడాయన. మా దేవుడికి నా పేరు నాంచారమ్మ అని తెలియదు కదా బాబూ అని, ఆమె తన బాప్తిస్మపు పేరు చెప్పింది. వెనకున్న వాళ్లకి ఆ మాట సబబుగా తోచింది. లిడియాకీ తోచింది. బాషా నంబరు మాత్రం కార్డు చూసి టైపు కొట్టాడు, పేరు మనిషి నోటినుంచి విని కొట్టాడు. మిగతా అరవై ఒక్క మందీ ముందురోజే సంతకాలు పెట్టి వెళ్లిపోయారు గనుక బతికిపోయారు.

"ఆ నలభై రెండు మంది సంగతి తేలిక," అన్నాడు బాషా. పాత సభ్యత్వాలు రద్దయ్యాయని రాసి, అదే మనుషులను గవర్నమెంటు పేర్లతో కొత్తగా చేర్చుకుంటే సరిపోతుందట. అధ్యక్షురాలి పేరు మాత్రం పేపర్లలో పడింది. అందుకని లిడియా గారు సొంత కారణాలతో తప్పుకున్నట్టు ఒక కాగితం, సుబ్బరావమ్మ గారిని ఏకగ్రీవంగా ఎన్నుకున్నట్టు ఇంకో కాగితం. రెండూ రాత్రి కూర్చుని ఎంతో ముచ్చటగా రాశాడు. లిడియా గారి సేవలను పార్టీ మరువదని కూడా ఒక వాక్యం చేర్చాడు.

లిడియా ఆ వాక్యం చదివి కాగితం కింద పెట్టింది.

"రెండు పేర్లూ నావేనని రాసిస్తే పోదా? ఉన్నమాటేగా," అంది.

బాషా జక్రయ్య వైపు చూశాడు. జక్రయ్య నేల వైపు చూశాడు.

"రాయొచ్చక్కా. ఒక్క లైను. శ్యామ్ సుందర్ కి కావాల్సింది కూడా ఆ ఒక్క లైనే."

శ్యామ్ సుందర్ పరాయివాడు కాదు. ఆదివారం గుడిలో పాట ఎత్తేవాడు. మిగతా ఆరు రోజులూ ఒక పెద్ద పార్టీకి ఊళ్లో పోలింగు బూత్ చూసుకునే మనిషి. కొత్త పార్టీ మీద అభ్యంతరాలుంటే నెలలోపు తెలపండి అని పేపర్లో పడగానే తెలిపేశాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఇతన్ని పట్టక్కర్లేదు, కింద ముత్యాల్లాంటి అక్షరాలతో సంతకమే పెట్టాడు. లిడియా, సుబ్బరావమ్మ ఒక్కరేనట. ఆమె మొగుడు చర్చి సంఘ పెద్ద అట. అలాంటివాళ్ల కూతురు ఎస్సీ సర్టిఫికెట్ తో ఉద్యోగానికి ఎంపికైందట. చర్చి రిజిస్టరు తెప్పించి చూడాలట. నకలు ఎమ్మార్వో ఆఫీసుకి కూడా పంపాడు. రేపు పొద్దున వీఆర్వో రిజిస్టరు చూడటానికి వస్తున్నాడు. ఎల్లుండి గురువారం గుంటూరులో ఆ పిల్లకి సర్టిఫికెట్ల పరిశీలన.

ఆ పిల్ల స్తుతి. సర్టిఫికెట్ లో బిందుమాధవి. మూడేళ్లు చదివి టీచరు పోస్టు తెచ్చుకుంది. చర్చి పుస్తకంలో పేరున్నవాళ్లకి ఆ సర్టిఫికెట్ చెల్లదని పైవాళ్లు పట్టుబడితే, పోస్టు పోతుంది.

"నేను దేవుడి సాక్షిగా చెప్పిన పేరు బాషా అది," అంది లిడియా. "ఇప్పుడు ఆవిడ వెళ్లిపోయింది, ఈవిడెవరో కొత్తగా వచ్చింది అని మళ్లీ ఆ దేవుడి మీదే ప్రమాణం చెయ్యమంటావా?"

నాలుగు రోజుల మౌనం అక్కడ తెగింది.

"పార్టీ పెట్టింది నువ్వు. ఉద్యోగం పోయేది పిల్లది," అన్నాడు జక్రయ్య. గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచి ఉంటే లిడియాకి తేలికయ్యేది, తనూ నాలుగు మాటలు అనేసి ఊరుకునేది.

"ఎందుకు పెట్టానో నీకు తెలీదా?"

ఆయనకు తెలుసు. నిరుడు కోతల్లో పదహారు మందిని కుక్కిన ఆటో సాగర్ కాలవ దగ్గర బోల్తాపడింది. ఇద్దరు పోయారు. కారెప్పుడూ రాని పల్లెకు ఆ మధ్యాహ్నం కార్లే కార్లు. చనిపోయిన మరియమ్మ మా కార్యకర్తంటే మా కార్యకర్తని రెండు పార్టీల వాళ్లు శవం మీద జెండా కప్పడానికి కొట్లాడుకున్నారు. ఒకరు కప్పింది ఒకరు లాగేశారు. లిడియా ముందుకెళ్లి రెండు జెండాలూ తీసి పక్కన పెట్టి, మరియమ్మ నడుముకి కట్టుకునే కోత గుడ్డను, మిరపకాయల మరకలతో ఉన్నదాన్నే, ఆమె మీద కప్పింది. ఆ సాయంత్రమే బాషా అన్నాడు, మనకీ ఒక జెండా ఉండాలక్కా అని. ఆ మాటకు ఊళ్లో తలూపిన మొదటి మగాడు జక్రయ్యే.

"తెలుసు," అన్నాడాయన. "ఆ రోజు నేను వద్దన్నానా? ఇయ్యాల కూడా పార్టీ మూసెయ్యమనట్లా. సుబ్బరావమ్మ పేరు మీద నడుపుకో. పేరులో ఏముంది?"

ఈ మాట అన్నది సంఘ పెద్ద. ఇరవై ఏళ్లుగా పుట్టిన ప్రతి బిడ్డ పేరూ రిజిస్టరులో తన చేతులతో ఎక్కిస్తున్న మనిషి. అన్నాక ఆయనకే ఏదోలా అయింది కాబోలు, లేచి కుండలో నీళ్లు ముంచుకుని తాగకుండానే గ్లాసు పక్కన పెట్టాడు.

బాషా సర్దిచెప్పబోయాడు. తన చిన్నమ్మ నస్రత్ కి కూడా పత్రాల్లో ఇంకేదో పేరుందనీ, లోకంలో ఇవన్నీ మామూలేననీ అన్నాడు. ఎవరూ వినిపించుకోలేదు. లిడియా ఆలోచన వేరేచోట ఉంది. ఆ రోజు వరసలో ముసలమ్మ ఏ పేరు చెబితే వెనకాల అందరూ ఆ దారే పట్టారు. ఇప్పుడు తను ఏ కాగితం మీద సంతకం పెడితే నలభై రెండు మందీ అదే పెడతారు. వాళ్లిళ్లలోనూ చదువుకునే పిల్లలున్నారు. తన ఒక్క పిల్ల సంగతే అయితే ఎలాగో తేల్చుకునేది. నలభై మూడిళ్ల సంగతి ఒక్క చేత్తో తేల్చడానికి ఆమెకి భయం వేసింది. ఆ భయాన్ని అధ్యక్షురాలిననే మాట ఏమాత్రం తగ్గించలేదు.

స్తుతి మూడింటి బస్సుకి దిగింది. చేతిలో ప్లాస్టిక్ ఫైలు. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే ముగ్గురి మొహాలూ చూసి సంగతి గ్రహించింది. అమ్మ పక్కన కూర్చుని బల్ల మీది కాగితాలు రెండూ చదివింది. లిడియా గారి సేవలను పార్టీ మరువదన్న దగ్గర ఆమెకి నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి బాషా ప్రాణం కాస్త కుదుటపడింది.

"నన్నెవరూ అడగరేం నాన్నా?" అంది.

"నిన్నడిగేదేముంది? నీ కోసమేగా ఇదంతా," అన్నాడు జక్రయ్య.

"గురువారం ఫారంలో తల్లి పేరని ఒక గడి ఉంటుంది. పదో తరగతి నుంచీ అందులో సుబ్బరావమ్మ అనే రాస్తన్నా. రాసినప్పుడల్లా ఎవరో పక్కింటావిడ పేరు రాసినట్టుండేది."

"అయితే ఉద్యోగం వదిలేసుకుంటావా?"

స్తుతి ఫైలు ఒళ్లోకి లాక్కుంది. ఉద్యోగం వదులుకోవాలని ఆ పిల్లకి ఏ కోశానా లేదు. మూడేళ్లు హాస్టల్లో చప్పటి చారు తాగి చదివిన చదువది. ఆ పోస్టు వస్తే అమ్మని మిరప చేలోంచి లేపాలని అనుకుంటోంది.

లిడియా ఉన్నట్టుండి లేచింది.

"రిజిస్టరు తియ్యయ్యా. రేపు ఆయన ఏం చూస్తాడో ముందు నేను చూస్తా."

గుడి పైన రేకులు మారుస్తున్నారని రిజిస్టరు పెట్టె రెండు నెలలుగా వీళ్లింట్లోనే మంచం కింద ఉంది. జక్రయ్య కదల్లేదు. రేపు ఎలాగూ తియ్యాలి కదా, ఇప్పుడెందుకు అన్నాడు. ఆ మాట అన్న తీరు లిడియాకి నచ్చలేదు. ఇరవై ఎనిమిదేళ్లు కాపురం చేసిన మనిషి అబద్ధానికి ముందు గొంతు ఎలా సవరించుకుంటాడో ఆమెకి తెలుసు. తనే పెట్టె లాగి, నల్ల అట్ట పుస్తకం తీసి, బల్ల మీద పెట్టి తిప్పడం మొదలుపెట్టింది. మరియమ్మ కొడుకు పేరుంది. సంతోషకుమారి మనవరాళ్ల పేర్లున్నాయి. ముఠాలో ఆడవాళ్లు ఒక్కొక్కరే వస్తున్నారు, వాళ్ల పిల్లలు వస్తున్నారు. యాభై రెండో పేజీ తర్వాత యాభై ఐదు వచ్చింది.

మధ్యలో ఆకు ఒకటి కోసేసి ఉంది. బ్లేడుతో, కుట్టు దెబ్బతినకుండా, ఎంతో జాగ్రత్తగా.

లిడియా ఆ కోత మీద వేలు పెట్టింది. బాషా లేచి, తను మళ్లీ వస్తానన్నాడు. కూర్చోమని చేత్తోనే చెప్పింది.

"ఒక్క ఆకేనా కోసింది?"

జక్రయ్య తలూపాడు.

"మన ఇంటిదొక్కటే కోశావు. మిగతా నలభై రెండిళ్లవి ఉంచావు. రేపు ఆయన వచ్చి తిప్పితే వాళ్లందరూ దొరుకుతారు, మనం దొరకం. అంతేనా?"

"అన్నీ కోస్తే తెలిసిపోద్దిగా," అన్నాడు జక్రయ్య. ఆ మాట బయటికి వచ్చాక గదిలో ఎవరికీ ఎవరి మొహం చూడాలనిపించలేదు. బాషా తన ముచ్చటైన కాగితాలను బోర్లించి పెట్టాడు.

లిడియాకి కోపం రాలేదు. వస్తే బాగుండును. వచ్చింది సిగ్గు. ఈ మనిషి దొంగ కాడు. సంఘం చందాల్లో రూపాయి ముట్టుకోనివాడు. కూతురి కోసం చేతిలో బ్లేడు పట్టుకుని రాత్రిపూట మంచం కింద దూరాడు. తల్లిగా ఆ పని తను చెయ్యనందుకు సిగ్గుపడాలో, అధ్యక్షురాలిగా ఆ పని తన ఇంట్లో జరిగినందుకు సిగ్గుపడాలో ఆమెకి తెలియలేదు.

"ఏం చేశావు ఆ ఆకు?"

జక్రయ్య లేచి, గూట్లో ఉన్న పెద్ద బైబిలు తీశాడు. అందులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఆమెకిచ్చాడు.

"కాల్చేద్దామనే కోశాను. పొయ్యి దాకా పొయ్యాను," అన్నాడు. "చదవకుండా ఉండాల్సింది. చదివాను."

లిడియా మడతలు విప్పింది. పై నుంచి మూడో వరస దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. ఇక కిందకి రాలేదు.

స్తుతి అమ్మ భుజం మీదుగా వంగి చదివింది. ఫిలిప్. తండ్రి జక్రయ్య. తల్లి లిడియా. వయసు తొమ్మిది రోజులు. బాప్తిస్మం ఇంటి వద్ద ఇవ్వబడింది.

తనకంటే ముందు ఒక పిల్లాడు పుట్టి పోయాడని స్తుతికి తెలుసు. వాడికో పేరుందని తెలియదు. ఇంట్లో ఎప్పుడైనా చెప్పుకోవాల్సి వస్తే మొదటివాడు అనేవాళ్లు, అంతే. తొమ్మిదో రోజున ఒళ్లు కాలిపోతుంటే పాస్టరుగారు పరుగున వచ్చి నీళ్లు చల్లి పేరు పెట్టారు. పదకొండో రోజున పోయాడు. ఆసుపత్రి మొహం చూడలేదు, బర్తు సర్టిఫికెట్ లేదు, బడి లేదు, రేషను కార్డు లేదు. అందరికీ రెండు పేర్లున్న ఊళ్లో వాడొక్కడికే ఒక పేరు. అది రాసి ఉన్నది కూడా ఈ కాగితం మీద ఒక్కచోటే. నాలుగు వరసల కింద స్తుతి పేరుంది.

"వాణ్ణి కూడా కాల్చేసేవాడివా?" అంది లిడియా. నిష్ఠూరంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

"కాల్చలేకేగా దాచింది," అన్నాడు జక్రయ్య. పై కండువాతో మొహం తుడుచుకున్నాడు. "నా వల్ల కాదు లిడియా. నువ్వే ఏదో ఒకటి చెయ్యి. నువ్వేం చేసినా నేను మాట్లాడను."

నువ్వే చెయ్యి అని ఇంట్లో మొగుడు, నువ్వే పెట్టు అని ఎదురుగా బాషా, నువ్వేది పెడితే అదే అని చేలో నలభై రెండు మంది. ఈ పార్టీ పెట్టిన నాడు దండ వేస్తుంటే ఆమెకి ఇవన్నీ తెలియవు. ఆమె కాగితాన్ని బల్ల మీద పరిచి, అరచేత్తో మడతలు సాపు చేస్తూ కూర్చుంది. సాపు కావడం లేదు.

స్తుతి లేచి వంటింట్లోకి వెళ్లింది. ఆదివారం సభ పోస్టర్ల కోసం కాచిన మైదా జిగురు గిన్నెలో అడుగున మిగిలి ఉంది. నీళ్లు చిలకరించి, కలిపి, తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఏం చేస్తన్నావే?" అన్నాడు జక్రయ్య.

"అమ్మకి తేల్చుకునే టైము కావాలి నాన్నా. రేపు ఏం చెప్పాలో, ఏది పెట్టాలో తర్వాత చూద్దాం. అన్నయ్యని మాత్రం పుస్తకం బయట ఉంచొద్దు."

అన్నయ్య అన్న మాట ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనలేదు. లిడియాకి దుఃఖం ఆగలేదు. ఏడుస్తూనే పుస్తకం తెరిచి పట్టుకుంది. స్తుతి వేలితో జిగురు అంచు వెంట రాసింది. ఆకును దాని చోట నిలిపింది. జక్రయ్య ఒక నిమిషం చూసి, తనూ వచ్చి, పై అంచు అదిమి పట్టాడు. బాషా ఏం చెయ్యాలో తోచక ఫ్యాను ఆపేశాడు. కాగితం ఎగిరిపోకుండా.

అప్పుడే వీధిలో బండి వచ్చి ఆగిన చప్పుడైంది.

"సుబ్బరావమ్మ గారి ఇల్లు ఇదేనాండీ?" అని ఎవరో అడిగారు. రేపు ఆఫీసులో మీటింగు పడిందనీ, అందుకని ఇవాళే వచ్చాననీ, సంఘం రిజిస్టరు ఒకసారి చూసి వెళ్లిపోతాననీ బయటినుంచే చెబుతున్నాడు వీఆర్వో. గొంతు మర్యాదగానే ఉంది.

జక్రయ్య భార్య వైపు చూశాడు. లిడియా రెండు చేతులూ పుస్తకం మీద ఉన్నాయి. ఎత్తితే ఆకు ఊడుతుంది. బాషా తన రెండు కాగితాలూ చేతిలోకి తీసుకుని, ఎక్కడ దాచాలో తెలియక పట్టుకునే ఉన్నాడు.

స్తుతి గుమ్మం దాకా వెళ్లింది. ఇదేనండీ రండి, అమ్మ లోపల ఉంది అని చెప్పింది. ఆయన చెప్పులు పక్కన విడిచి, జేబులోంచి పెన్ను తీసి, చంకలోని ఫైలు తీసి తెరిచాడు.

"నువ్వు వాళ్లమ్మాయివా? నీ పేరేందమ్మా, రాసుకోవాలి."

స్తుతి వేళ్లకు జిగురు ఇంకా తడిగానే ఉంది. ఆమె ఒకసారి వెనక్కి తిరిగి అమ్మ వైపు చూసింది.